కాగితంలో ఎర్ర గుర్రం, ఎదురుగా తెల్ల గుర్రం: ఈ రిజిస్ట్రేషన్ పేపర్లు ఎలా చదవాలి?

రికాబు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. నాలుగేళ్లుగా స్వారీ నేర్చుకుంటోంది. ఇన్నాళ్లూ నేర్పించే చోటి గుర్రాల మీదే ఎక్కింది, ఇప్పుడు సొంతానికి ఒకటి కొందామని చూస్తున్నాం. ఒక ఆడగుర్రం మాకు బాగా నచ్చింది. క్వార్టర్ హార్స్ అనే అమెరికన్ జాతిది, 2011లో పుట్టింది. జీను వేస్తున్నంతసేపూ కదలకుండా నిలబడింది. మా అమ్మాయి దిగాక ఆ గుర్రమే తల తెచ్చి పిల్ల భుజానికి ఆనించింది. ఇంటికి వచ్చాక ఆ గుర్రం గురించి తప్ప మా అమ్మాయికి ఇంకో మాట లేదు. నా టెన్షన్ కూడా అదే. ఒకసారి మనసు పడ్డాక కాగితాల్లో లోపం కనిపించినా కనిపించనట్టు సర్దుకుపోతామేమో అని భయం.

అమ్మే ఆయన రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ జిరాక్స్ ఇచ్చారు. రెండు రాత్రులు కూర్చుని చదివాను. అర్థం కానివి ఇవి. రంగు దగ్గర సోరెల్ అని ఉంది. అంటే ఎరుపు కదా? మేము చూసిన గుర్రం దాదాపు తెల్లగా ఉంది. గుర్తుల దగ్గర నుదుట చుక్క, ఎడమ వెనక కాలికి తెల్ల సాక్ (మేజోడు వేసినట్టు కాలి కింద తెలుపు) అని రాశారు. ఆ గుర్రానికి నాకు ఏ చుక్కా కనపడలేదు, అంతా తెలుపే. నంబర్ ముందు ఎక్స్ అనే అక్షరం ఉంది. ఒక చోట హెచ్‌వైపీపీ ఎన్/ఎన్ అని రాసి ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, ఓనర్ అని ఉన్న పేరు మాకు అమ్ముతున్న ఆయనది కాదు. అడిగితే "రెండుసార్లు చేతులు మారిందండీ, పేపర్లు చేతికిచ్చేశారు, ఏం ఇబ్బంది లేదు" అన్నారు. మనిషి మంచివాడిలాగే ఉన్నారు. దాని ముత్తాత ఇంప్రెసివ్ అనే పేరున్న గుర్రమని కూడా గర్వంగా చెప్పారు.

ఇది అసలు ఆ గుర్రం కాగితమేనా? దేన్ని చూసి నమ్మాలి?

లాడాలపని జవాబు

అమ్మా, నేను ఇరవై ఆరేళ్లుగా గుర్రాలకు లాడాలు కొడుతున్నాను. రోజూ గుర్రాల కాళ్లు చేతుల్లో పట్టుకునే పని కాబట్టి మీ మొదటి రెండు ప్రశ్నలకు నేను చెప్పగలను. రంగు తేడా చూసి వెంటనే అనుమానపడకండి.

తెల్లబడే గుర్రాలు పుట్టుకతో తెల్లగా ఉండవు. ఎర్రగానో నల్లగానో పుడతాయి. కొద్ది రోజులకో కొన్ని నెలలకో కళ్ల చుట్టూ బూడిదరంగు వెంట్రుకలు మొదలవుతాయి, కళ్లద్దాలు పెట్టినట్టు. తర్వాత ఏడాదికేడాది ఒళ్లంతా పాకి, చివరికి తెల్లగా అయిపోతుంది. ఇలాంటి గుర్రాన్నే గ్రే అంటారు. రిజిస్ట్రేషన్ ఎక్కువగా పిల్లగా ఉన్నప్పుడే చేయిస్తారు. ఆ రోజు కంటికి కనపడిన రంగే కాగితంలోకి ఎక్కుతుంది. కాబట్టి 2011లో సోరెల్ అని రాసిన గుర్రం ఇవాళ తెల్లగా ఉండటం మామూలే.

కానీ ఒక షరతు ఉంది. గ్రే గుణం తరం వదిలి తరం దూకదు. తల్లిదండ్రుల్లో కనీసం ఒకటి గ్రే అయితేనే పిల్ల గ్రే అవుతుంది. కాబట్టి కాగితంలో ఉన్న తల్లి పేరూ తండ్రి పేరూ పట్టుకుని రిజిస్ట్రీలో, అంటే ఈ కాగితం ఇచ్చి జాతి గుర్రాల రికార్డు ఉంచే సంస్థలో, వాటి రంగులు కనుక్కోండి. రెండిట్లో ఒక్కటీ నిజంగా గ్రే కాకపోతే మీ ముందున్న గుర్రం ఆ కాగితంలోది కాదు, ఇందులో రెండో మాట లేదు. ఇలాంటి సూత్రమే ఇంకొకటి: రెండు సోరెల్ గుర్రాలకు సోరెల్ పిల్లే పుడుతుంది, నల్లది పుట్టదు. గుర్రం పేరు మారినా రంగుల లెక్క తప్పదు.

ఇక గుర్తులు. తెల్ల గుర్రంలో తెల్ల మచ్చ ఎలా వెతకాలి అంటే, తడపండి. పుట్టుకతో తెల్ల మచ్చ ఉన్న చోట వెంట్రుకల కింది చర్మం గులాబీరంగులో ఉంటుంది, మిగతా చోట నల్లగా ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు తేడా తెలియదు. ఒక మగ్గు నీళ్లు పోసి చేత్తో వెంట్రుకలు ఒత్తి చూడండి, గీత గీసినట్టు హద్దు కనపడుతుంది. ఎడమ వెనక కాలికి గిట్ట పైనుంచి మొదటి కీలు దాకా, ఆ పైన ఎక్కడ ఆగుతుందో చూడండి. నుదురు కూడా అలాగే. మిగతా మూడు కాళ్లూ తడపడం మరవకండి. కాగితంలో ఉన్న మచ్చ గుర్రానికి ఉండటం ఎంత ముఖ్యమో, లేని మచ్చ లేకపోవడమూ అంతే ముఖ్యం.

తర్వాత సుడులు. నుదుటి మీద సుడి కళ్ల గీతకు పైనుందా కిందుందా, ఒకటా రెండా, మెడకు రెండు వైపులా ఎక్కడున్నాయి అన్నది గుర్రం పుట్టినప్పటి నుంచి మారదు. రంగు మారినా సుడి మారదు. యూరప్ పాస్‌పోర్టుల్లో గుర్రం బొమ్మ గీసి తెల్ల మచ్చలను ఎర్ర సిరాతో, సుడులను ఇంటూ గుర్తుతో చూపిస్తారు. థరోబ్రెడ్ అనే పందెపు గుర్రాల జాతికైతే కాళ్ల లోపలి వైపు కాయ కాసినట్టు గట్టిగా ఉండే భాగాలను కూడా ఫొటోలు తీసి పెట్టేవారు. వేలిముద్రల్లాగా అవి ఏ రెండు గుర్రాలకూ ఒకేలా ఉండవు. నేను కాలు ఎత్తిన ప్రతిసారీ నా కళ్లు అటే పోతాయి.

ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట నేనూ ఒక ఆడగుర్రాన్ని కొన్నాను. కాగితాలు బాగున్నాయి, ఓనర్ పేరు సరిగ్గా ఉంది, సంతకాలున్నాయి. ముఖం మీద నామం ఉందని కాగితంలో ఉంది, గుర్రానికీ ఉంది. అంతవరకే చూశాను. కాళ్లు చూడటమే నా పని, ఆ రోజు ఆ కాళ్లే చూడలేదు. రెండేళ్లకు అది ఈనింది. పిల్లను రిజిస్టర్ చేద్దామని జూలు వెంట్రుకలు కుదుళ్లతో పీకి డీఎన్ఏకి పంపితే, తల్లి సరిపోలడం లేదని జవాబు వచ్చింది. తీరా చూస్తే నేను కొన్నది కాగితంలో ఉన్న గుర్రం కాదు, దాని అక్క. ఒకే తల్లి పిల్లలు, ఏడాది తేడా, ఇద్దరికీ నామం. ఒకే లాయంలో పెరిగాయి, ఎప్పుడో కాగితాలు తారుమారయ్యాయి. ఎవరూ మోసం చేయలేదు. అయినా ఆ రెండో గుర్రం ఎవరి దగ్గరుందో వెతికి, రెండు కాగితాలూ సరిచేయించడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. అంతవరకు ఆ పిల్ల కాగితం లేని పిల్లగానే తిరిగింది. మా కాగితంలో కుడి ముందు కాలికి తెలుపు ఉందని స్పష్టంగా రాసి ఉంది. నా గుర్రానికి లేదు. ఒక్క నిమిషం కిందికి చూసి ఉంటే సరిపోయేది.

మెడకు ఎడమ వైపు, జూలు కింద చిప్ ఉందేమో స్కానర్‌తో చూడమనండి. పదిహేను అంకెల నంబర్ వస్తుంది. ఇంకో మాట, గ్రే గుర్రాలకు వయసు పెరిగేకొద్దీ తోక కింద నల్లటి గడ్డలు రావడం ఎక్కువ. కొనే ముందు చూసే వెటర్నరీ డాక్టర్‌ను తోక ఎత్తి చూడమని తప్పకుండా అడగండి.

కిశోరం జవాబు

రికాబు గారూ, నేను ఏటా నాలుగైదు పిల్లల్ని రిజిస్టర్ చేయిస్తాను. ఓనర్ పేరు విషయం నేను చెబుతాను, ఎందుకంటే అందరూ చివర్లో చూసేది, అందరికంటే ముందు చూడాల్సింది అదే.

రిజిస్ట్రీ దృష్టిలో గుర్రం ఇప్పటికీ ఆ కాగితంలో పేరున్న మనిషిదే. కాగితం చేతులు మారితే రికార్డు మారదు. ప్రతి అమ్మకానికీ ఒక ట్రాన్స్‌ఫర్ ఫారం ఉంటుంది, దాని మీద అమ్మినవారు సంతకం చేయాలి. మీ గుర్రం విషయంలో మొదటి ఓనర్ రెండో ఆయనకు, రెండో ఆయన మీకు అమ్ముతున్న ఆయనకు, ఈయన మీకు. మూడు ఫారాలు. మధ్యలో ఒక్కటి తెగినా మీ పేరుకు రాదు. కొనేవారి పేరు ఖాళీగా వదిలి, సంతకం మాత్రం పెట్టిన ఫారం చేతికిచ్చి "మీ పేరు రాసుకోండి" అంటారు కొందరు. అలా తీసుకోకండి. మొదటి సంతకం పెట్టిన ఆయన చనిపోయి ఉంటే, దంపతుల పేరు మీద ఉండి ఇప్పుడు విడిపోయి ఉంటే, ఆ ఫారం చెల్లుతుందో లేదో తేలేసరికి మీ డబ్బు వెళ్లిపోయి ఉంటుంది.

ఇంకొకటి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ గుర్రం వంశం గురించి చెబుతుంది. మీరు డబ్బిచ్చి కొన్నారని చెప్పేది అమ్మకం రసీదు. గుర్రం పేరు, నంబర్, చిప్ నంబర్, తేదీ, ఇద్దరి సంతకాలతో అది వేరేగా రాయించుకోండి.

నంబర్ ముందు ఎక్స్ అంటే అపెండిక్స్ అని. అమెరికన్ క్వార్టర్ హార్స్ అసోసియేషన్ 1940లో మొదలైంది. దాని స్టడ్‌బుక్, అంటే ఆ జాతి గుర్రాల వంశ రికార్డు, థరోబ్రెడ్‌లకు ఇప్పటికీ ఒక తలుపు తెరిచే ఉంచింది. తల్లిదండ్రుల్లో ఒకటి ఎక్స్ లేని పూర్తి నంబర్ ఉన్న క్వార్టర్ హార్స్, ఇంకొకటి థరోబ్రెడ్ గానీ అపెండిక్స్ గానీ అయితే పిల్లకు అపెండిక్స్ నంబర్ ఇస్తారు. మీ దగ్గరున్న జిరాక్స్‌లో తల్లి పేరు దగ్గరో తండ్రి పేరు దగ్గరో థరోబ్రెడ్ అని గానీ, నంబర్ ముందు ఎక్స్ గానీ ఉంటుంది, చూడండి. ఇది లోపం కాదు. చాలా మంచి గుర్రాలు అపెండిక్స్‌వే. కాకపోతే రేపు దాన్ని ఈనించాలనుకుంటే గుర్తుంచుకోండి: మగగుర్రానికి పూర్తి నంబర్ ఉంటేనే పిల్ల రిజిస్టర్ అవుతుంది. ఇంకో అపెండిక్స్‌తోనో థరోబ్రెడ్‌తోనో దాటిస్తే ఆ స్టడ్‌బుక్‌లో పిల్లకు చోటు లేదు. అమ్మే ఆయన "పూర్తి క్వార్టర్ హార్స్" అని ధర చెబితే ఈ ఎక్స్ చూపించి మాట్లాడండి.

వంశవృక్షం చదవడం తేలిక. ఎడమ చివర మీ గుర్రం, పై సగమంతా తండ్రి వైపు, కింది సగమంతా తల్లి వైపు. మూడు తరాలకు పద్నాలుగు పేర్లు. పెద్ద పేరు ఒకటి కనపడగానే కళ్లు అక్కడే ఆగిపోతాయి. కానీ ముత్తాత నుంచి మీ గుర్రానికి వచ్చే వాటా సగటున 12.5 శాతం. మిగతా ఏడుగురు ముత్తాతలూ ముత్తవ్వలూ అంతే వాటా ఇచ్చారు. నేనైతే మొదట తల్లి వరస చూస్తాను, దానికి ఎన్ని పిల్లలు పుట్టాయి, అవి ఏం చేశాయి అని. మగగుర్రానికి వందల పిల్లలుంటాయి, అందులో నాలుగు గెలవడం వింత కాదు. అందుకే తండ్రి ఒకటే అయితే వాటిని అన్నాచెల్లెళ్లు అనరు, తల్లి ఒకటైతేనే అంటారు.

మీది ఆడగుర్రం కాబట్టి ఒక తలనొప్పి తప్పింది. మగ గుర్రాలకు విత్తులు తీయించాక ఆ సంగతి రిజిస్ట్రీకి రాయడం చాలామంది మరచిపోతారు. కాగితంలో ఇంకా స్టాలియన్ (విత్తులు తీయని మగగుర్రం) అనే ఉంటుంది.

పశువైద్యశాల జవాబు

హెచ్‌వైపీపీ గురించి మాత్రం చెబుతాను. ఇది కండరాల జబ్బు. కండరాల్లో సోడియం వెళ్లే దారిలో లోపం వల్ల వస్తుంది. రక్తంలో పొటాషియం పెరిగి కండరాలు వణుకుతాయి, బలహీనపడతాయి, ఒక్కోసారి గుర్రం ఉన్నచోటే కూలిపోతుంది. ఈ లోపం ఇంప్రెసివ్ అనే మగగుర్రం సంతతిలో వచ్చింది. అది 1969లో పుట్టింది. కండలు తిరిగిన అందమైన గుర్రం, షోలలో గెలిచింది, అందుకే విపరీతంగా దాటించారు. అమ్మే ఆయన గర్వంగా చెప్పిన పేరు ఇదే. అందుకే ఆ వంశం గుర్రాల కాగితం మీద పరీక్ష ఫలితం రాస్తారు.

ఎన్/ఎన్ అంటే లోపం అసలు లేదు, దాని నుంచి పిల్లలకూ రాదు. ఎన్/హెచ్ అంటే ఒక వైపు నుంచి వచ్చింది, జబ్బు కనపడవచ్చు, పుట్టే పిల్లల్లో సగానికి సోకే అవకాశం ఉంది. హెచ్/హెచ్ అంటే రెండు వైపుల నుంచీ వచ్చింది. అలాంటి పిల్లలు 2007 మొదలు ఆ తర్వాత పుట్టినవైతే క్వార్టర్ హార్స్ అసోసియేషన్ రిజిస్టర్ చేయదు. మీ గుర్రానిది ఎన్/ఎన్ కాబట్టి నిశ్చింతగా ఉండండి, కానీ లాడాలపని గారు చెప్పినట్టు ఆ కాగితం ఈ గుర్రానిదే అని తేలితేనే.

రికాబు జవాబు

మీ ముగ్గురికీ చేతులెత్తి దండం. నిన్న వెళ్లాం. బకెట్టు, స్పాంజి పట్టుకుని వెళ్లాను. అమ్మే ఆయన మొదట ఆశ్చర్యపోయారు, తర్వాత ఆయనే గొట్టం పట్టుకున్నారు.

ఎడమ వెనక కాలు తడపగానే కింద గులాబీరంగు చర్మం బయటపడింది. మొదటి కీలు దాటి రెండు వేళ్ల వెడల్పు పైకి వెళ్లి ఆగింది. మా అమ్మాయి అరిచినంత పని చేసింది. మిగతా మూడు కాళ్లూ నల్లగానే ఉన్నాయి, కాగితంలోనూ వాటికి ఏమీ రాయలేదు. నుదుట చుక్క చిన్నది, నాణెమంత ఉంది. సుడి చుక్కకు కాస్త పైన, మధ్యలో ఒక్కటే. తల్లి పేరు పక్కన థరోబ్రెడ్ అని ఉంది. కనుక్కుంటే దాని రంగు గ్రే.

చిప్ కూడా ఉంది. కానీ ఆ నంబర్ కాగితంలో లేదు. దీనికి భయపడాలా?

ఇంకో సంగతి. ఫారాల గురించి చెబితే ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, మొదటి ఓనర్ ఫోన్ నంబర్ తన దగ్గర ఉందని, మధ్యలో ఉన్నాయన మాత్రం ఊరు మారారని చెప్పారు. మేం వద్దంటే వేరేవాళ్లు అడుగుతున్నారట. మా అమ్మాయి ముఖం చూసి నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది.

లాడాలపని జవాబు

చిప్ గురించి భయపడకండి. కాగితం రాశాక చాలా ఏళ్లకు ఎవరో వేయించి ఉంటారు, రిజిస్ట్రీకి చెప్పి ఉండరు. కాగితంలో వేరే నంబర్ ఉండి గుర్రంలో వేరే నంబర్ ఉంటే అది సమస్య. మీకు కాగితంలో అసలు లేదు, అంతే. ట్రాన్స్‌ఫర్ పంపేటప్పుడు ఆ నంబరూ ఎక్కించమని రాయండి, రంగు గ్రే అని మార్చమని నాలుగు వైపుల నుంచి తీసిన ఫొటోలు కూడా పెట్టండి. ఇంకా అనుమానం ఉంటే వెంట్రుకలు పంపి, తల్లిదండ్రుల డీఎన్ఏ వాళ్ల దగ్గర ఉందేమో, సరిపోల్చగలరేమో అడగండి.

గుర్రం కాళ్లూ నుదుటి చుక్కా కాగితంతో సరిపోయాయి, రంగు లెక్కా కుదిరింది. నాకు ఆ రోజు ఇంత చూసుకునే బుద్ధి ఉండి ఉంటే బాగుండేది. గుర్రం అదే. ఇప్పుడు మనుషుల సంతకాలే మిగిలాయి.

కిశోరం జవాబు

వేరేవాళ్లు అడుగుతున్నారన్న మాటకు తొందరపడకండి. అడిగేవాళ్లు ఎవరైనా వాళ్లకూ ఈ ఫారాలే కావాలి. ఆయన మీకోసం తెచ్చినా, వాళ్లకోసం తెచ్చినా ఆ పని ఆయనకు తప్పదు. ఈ మాట ఆయనకు మెల్లగా చెప్పండి. కొంత అడ్వాన్స్ ఇచ్చి, మూడు సంతకాలూ వచ్చాకే మిగతాది ఇస్తామని, ఫలానా తేదీలోగా రాకపోతే అడ్వాన్స్ తిరిగి ఇవ్వాలని రాసుకోండి. మధ్యలో ఉన్నాయన దొరకకపోతే ఏం చేయాలో ఆయన్నే రిజిస్ట్రీకి రాసి కనుక్కోమనండి. అమ్మేది ఆయన కాబట్టి తిరగాల్సిందీ ఆయనే.

అమ్మాయి పేరు మీద పెట్టాలనుకుంటే అసోసియేషన్ సభ్యత్వంలో ఎలా రాశారో అలాగే, ఒక్క అక్షరం తేడా లేకుండా రాయండి. మైనర్ కాబట్టి మీ సంతకమూ కావాలేమో ముందే అడగండి.

రికాబు జవాబు

ఆలస్యంగా రాస్తున్నాను, ఏడు వారాలైంది. మీరు చెప్పినట్టే అడ్వాన్స్ కాగితం రాసుకున్నాం. మొదటి ఓనర్ అదే వారం సంతకం చేసి పంపారు. తను పెంచిన పిల్ల ఎలా ఉందో చూడాలని ఫొటో అడిగారు. పంపాను. పుట్టిన నెలలో తీసిన ఫొటో ఆవిడ తిరిగి పంపారు. ఎర్రటి పిల్ల, నుదుట చుక్క, ఎడమ వెనక కాలికి తెల్ల సాక్. కళ్ల చుట్టూ అప్పుడే బూడిదరంగు మొదలైంది. ఆ ఫొటో చూశాక నాకు ఇంకే అనుమానమూ మిగల్లేదు.

మధ్యలో ఉన్నాయన్ని పట్టుకోవడానికి ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాలూ మా అమ్మాయికి సర్దిచెప్పడమే నా పని. రోజూ బడి నుంచి రాగానే "సంతకం వచ్చిందా" అని అడిగేది. ఆయన దొరికాక రెండే రోజుల్లో ఫారం పంపారు. మిగతా డబ్బు ఇచ్చి గుర్రాన్ని తెచ్చుకున్నాం.

నిన్న కొత్త సర్టిఫికెట్ వచ్చింది. ఓనర్ దగ్గర మా అమ్మాయి పేరు, రంగు దగ్గర గ్రే. చిప్ నంబర్ కూడా ఎక్కింది. ఎక్స్ అలాగే ఉంది, దాని గురించి మాకు దిగులు లేదు. వెటర్నరీ డాక్టర్ తోక కింద చూశారు, చిన్న గడ్డ ఒకటి ఉంది, ఆరు నెలలకోసారి చూపించమన్నారు. గుర్రానికి ఒళ్లు కడిగిన ప్రతిసారీ మా అమ్మాయి ఆ ఎడమ వెనక కాలు దగ్గర కూర్చుని, తడిసిన సాక్ ఆరిపోయేదాకా చూస్తూ ఉంటుంది.